నోము అత్తిరసాలు బయటికియ్యకూడదు, ఫ్రెండ్స్‌కి ఏం బేక్ చేసియ్యాల?

కొర్లగుంట_కోడలు:

అక్కలూ అన్నలూ, కొంచెం అర్జెంటు. మాది తిరుపతే, కొర్లగుంట. దీపావళికి మా ఇంట్లో కేదారగౌరీ నోము ఉంటుంది, మా అత్తమ్మ 21 అత్తిరసాలు (అదే, అరిసెలు) లెక్కపెట్టి కాలుస్తుంది, ఆ ప్రసాదం ఇంటోళ్ళం తినాల్సిందే గానీ మా వాళ్ళల్లో బయటోళ్ళకి ఇచ్చే ఆనవాయితీ లేదు. పోయిన దీపావళికి ఆఫీసుకి బజార్లో కొన్న స్వీటు డబ్బా ఎత్తుకోని పోతే ఒకామె నవ్వతానే "మీ ఇంట్లో ఎవురూ చెయ్యరా" అనేసింది, ఆ మాట ఇంగా గుచ్చుకుంటా ఉంది నాకు. అందుకని ఈ సారి నేనే చెయ్యాలని 28 లీటర్ల ఓటీజీ ఓవెన్ కొన్నా, ఈఎంఐలో.

గుడ్డు లేకుండా ఉండాల. పెరటాసి నెల (వెంకన్నసామి కోసం మాంసం, గుడ్డు మానేసే నెల) అయిపోయినాక మా ఆఫీసులో సగం మంది తింటారు గానీ, నోము ముగిసేదాకా ఇంట్లో గుడ్డు పెంకు కూడా కనపడకూడదని అత్తమ్మ ఆర్డరు. మొత్తం 40 మంది. స్కూటీ మీద ఎత్తుకోని పోవాల.

పోయిన ఆదివారం ట్రయల్‌కి చిత్తూరు బెల్లంతో కేక్ చేసినా. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు పెరుగు, అర కప్పు నూనె, కప్పు బెల్లం అర కప్పు నీళ్ళల్లో కరిగించి పోసినా, వంటసోడా ఒక స్పూను. కలిపి పెట్టినాక కరెంటు పోయింది, ఇరవై నిమిషాలకి వచ్చింది, అప్పుడు లోపల పెట్టినా. బాగానే పొంగింది, ఆత్రం ఆగక తలుపు తీసి చూసినా అంతే, మధ్యలో ఇంత గుంట. మా పేటకి పెట్టిన పేరు సార్థకం చేసేసింది. అంచులు బాగుండాయి, నడిమధ్య పచ్చి పిండి, పైగా సోడా వాసన. ఏం తప్పు జరిగిందో చెప్పండి, లేకపోతే కేక్ వదిలేసి వేరేది చెయ్యాల్నా?

మైదాపిండి_మామ:

ఒక తప్పు కాదమ్మా, నాలుగు చేసినావు, ఏమనుకోవద్దు 😀

పెరుగు పులుపు తగలంగానే సోడా పని మొదలుపెట్టేస్తాది, బుడగలు వస్తాయి చూడు, అదే కేకుని లేపేది. నువ్వు ఇరవై నిమిషాలు గిన్నెలో పెట్టి కూర్చుంటే ఆ బుడగలన్నీ గాలికి పోయినాయి. కలిపిన నిమిషానికి ఓవెన్‌లో ఉండాల, అంటే ఓవెన్ ముందే 180 డిగ్రీల్లో పది పదిహేను నిమిషాలు వేడెక్కి ఉండాల. సోడా స్పూను నిండా వేస్తే కేక్ గబగబా పొంగి నిలబడలేక కూలిపోతాది, నువ్వు చెప్పిన వాసన కూడా దాందే. నీ కొలతకి సోడా అర స్పూను, బేకింగ్ పౌడర్ ఒక స్పూనుంపావు, అంతకు మించొద్దు.

ఇంగ నీళ్ళు. మామూలుగా ఈ పెరుగు కేకుకి చక్కెర వేస్తారు, అందులో నీళ్ళు ఉండవు. నువ్వు బెల్లం కరిగించిన అర కప్పు నీళ్ళు అదనంగా పోసినావు, ఆ నీళ్ళకి నడిమధ్య ఎట్ల ఉడుకుతుంది? పావు కప్పు నీళ్ళల్లో కరిగించి, పెరుగు ముక్కాలు కప్పుకి తగ్గించు. బెల్లం నీళ్ళు పూర్తిగా చల్లారినాకే పెరుగులో పొయ్యాల. పాయసంలో బెల్లం దించినాక వేస్తాం కదా, పాలు వేడి మీద ఉంటే విరిగిపోతాయని, అట్లనే అనుకో.

ఇంగ ఆ తలుపు... అరగంట దాకా తియ్యొద్దు తల్లీ. లైటు ఉంది కదా, అద్దంలోంచి చూడు.

గానుగ_బిడ్డ:

మాది చిత్తూరు పక్కన పల్లె, మా తాతోళ్ళకి బెల్లం గానుగ ఉండేది, అందుకని బెల్లం గురించి నాలుగు ముక్కలు. అక్కా మీరు ఏ బెల్లం తెచ్చినారు? పసుపుపచ్చగా మెరిసేది తెచ్చి ఉంటారు, చూడ్డానికి బాగుంటుందని అందరూ అదే కొంటారు. ఆ రంగు రావడానికి పాకం కాగేటప్పుడు హైడ్రోస్ అని ఒక పొడి వేస్తారు చాలా చోట్ల. నల్లగా, గోధుమరంగులో ఉండేది అడగండి, కేక్‌కి రంగూ రుచీ అదే ఇస్తుంది. కొనేటప్పుడు రవ్వంత నోట్లో వేసుకోండి, ఉప్పగా తగిలితే వద్దనండి.

ఇంకోటి, దీపావళి అంటే మనకి వానలు, పాత బెల్లం చెమ్మ పట్టి జిగటగా ఉంటుంది. అది కప్పుతో కొలిస్తే ఒకసారి ఒకలా వస్తుంది, కాటాలో తూచుకోండి, ఈ కొలతకి 170 గ్రాములు చాలు. కరిగినాక పల్చటి గుడ్డలో తప్పనిసరిగా వడగట్టండి. మా గానుగ కాడ పెనం పక్కన తాత నిలబడి మడ్డి ఎంత తీసినా అచ్చులో చెరుకు పిప్పి, ఇసక రవ్వ ఎక్కడో ఒకచోట దొరికేది, అది మీ ఫ్రెండ్ పంటి కింద పడితే ఆమె ఇంకో మాట అంటుంది 😅

చంద్రగిరి_పెద్దమ్మ:

నేను ఒక మాట చెప్తా వినుకో. నలభై మందికి కేక్ వద్దు. కొయ్యాల, ముక్కలు పొడి అయితాయి, స్కూటీ మీద నలుగుతాయి, వేసవి కాకపోయినా రెండో నాటికి వాసన. నానుకటాయి బిస్కెట్లు చెయ్యి. పూర్వం మాకు ఇంట్లో ఓవెన్ యాడిది, సెలవుల్లో మైదా, డాల్డా, చక్కెర ఇంటికాణ్ణించి ఎత్తుకోని బేకరీ కాడికి పోయేవాళ్ళం, కిలోకి ఇంత అని కూలి. వాళ్ళు కట్టెల బట్టీలో పొడుగు చెక్క గరిటెతో నల్ల రేకు ప్లేట్లు లోపలికి తోసేవాళ్ళు, మేము పిల్లోళ్ళం ఆ వేడికి మొగాలు ఎర్రగా చేసుకోని మన ప్లేటు ఏదని కాపలా కాసేది, ఎందుకంటే పక్కోళ్ళ పిండిలో డాల్డా తక్కువ, మారిపోతే కష్టం కదా. కిరసనాయిల్ డబ్బా కడిగి ఎండబెట్టిన దాంట్లో పోసుకోని తలమీద పెట్టుకోని వచ్చేది. నెల రోజులు తినేది.

ఇప్పుడు కొలత రాసుకో. మైదా కప్పు, శెనగపిండి పావు కప్పు, సన్న రవ్వ రెండు పెద్ద స్పూన్లు, చక్కెర పొడి అర కప్పు, నెయ్యి అర కప్పు, ఏలక్కాయ పొడి, సోడా చిటికెడు. నెయ్యి కరిగింది కాదు, పేరుకున్నది. ఆడే అందరూ తప్పు చేస్తారు. తిరుపతి వేడికి నెయ్యి నూనె మాదిరి అయిపోతాది, అట్ల కలిపితే ఉండలు ఓవెన్‌లో దోసెల మాదిరి పరుచుకుంటాయి. నెయ్యి కొంచెంసేపు ఫ్రిజ్‌లో పెట్టు, చక్కెర పొడితో కలిపి చేత్తో తెల్లగా నురగ వచ్చేదాకా మెదుపు, అప్పుడు పిండ్లు. పిసక్కూడదు, ముద్ద అయితే చాలు. ఉండలు చేసి రవ్వంత నొక్కి మళ్ళా ఇరవై నిమిషాలు ఫ్రిజ్. 160 డిగ్రీలు, పదహారు పద్దెనిమిది నిమిషాలు. పైన పగుళ్ళు వస్తే బాగొచ్చినట్టు. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఉడకలేదేమో అని మళ్ళా లోపల పెట్టావంటే రాళ్ళే. చల్లారితే గట్టిపడతాయి.

కప్పు మైదాకి పదహారు వస్తాయి. మనిషికి రెండేసి అంటే ఎనభై, ఐదు వాయిలు పిండి. నీ ఓవెన్ ట్రేలో పన్నెండు పడతాయి అనుకో, ఏడు సార్లు పెట్టాల, రెండు గంటల పైన పని. కరెంటు లెక్క చూసుకోని మొదలుపెట్టు.

రేణిగుంట_బ్రో:

పెద్దమ్మా సూపర్, కానీ నానుకటాయి బజార్లో కూడా దొరుకుతుంది కదా, "ఎవురూ చెయ్యరా" అన్నామె మళ్ళీ అదే అంటుంది. నా ఓటు మామిడి కేక్‌కి. మన చిత్తూరు పక్క తోతాపురి మామిడి గుజ్జు డబ్బాల్లో ఏడాదంతా దొరుకుతుంది, ఆ మామ చెప్పిన కొలతలో పెరుగు సగం తగ్గించి ఆ సగం గుజ్జు పొయ్యి. తీపి ముందే ఉంటుంది గాబట్టి బెల్లం కొంచెం తగ్గించుకో. నా రూమ్మేట్స్ ఒక్క ముక్క మిగల్చలేదు. కప్ కేకులు చేస్తే కొయ్యే పని కూడా లేదు.

మైదాపిండి_మామ:

బ్రో, డబ్బా మీద చూసి కొను, కొన్నిట్లో చక్కెర ముందే కలిపి ఉంటుంది. కప్ కేకులకి 20 నిమిషాలు చాలు, టూత్‌పిక్ గుచ్చి చూడాల. ఏది చేసినా పూర్తిగా చల్లారకుండా డబ్బా మూత పెట్టొద్దు, ఆవిరికి నీరు పట్టి మెత్తబడతాయి, ఈ వానల్లో ఇంకా తొందరగా.

కొర్లగుంట_కోడలు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న పెద్దమ్మ చెప్పిన నానుకటాయి ఒక వాయి ట్రయల్ వేసినా. మొదటి ట్రే పన్నెండూ అడుగు మాడినాయి, కింది రాడ్‌కి దగ్గరగా పెట్టేసినా, మధ్య అరకి మార్చినాక మిగిలిన నాలుగు బో బాగా వచ్చినాయి, పైన పగుళ్ళు కూడా. అవి జాలీ మీద ఆరబెట్టి మిద్దె మీద బట్టలు తియ్యడానికి పోయినా. వచ్చి చూస్తే రెండే ఉండాయి. మా ఆయన ఆఫీసులో, పిల్లోళ్ళు ట్యూషన్‌లో. అత్తమ్మ టీవీ ముందర కూర్చోని ఏమీ ఎరగనట్టు "నెయ్యి నోము డబ్బాలోది తీలేదు కదా" అని అడిగింది, లేదత్తమ్మా వేరే ప్యాకెట్టు అన్నా, "అట్లయితే ఎనభై చాలవు, నూరు చెయ్యి, మా చెల్లెలోళ్ళకి గూడా కావాల" అనింది.

రేణిగుంట_బ్రో, మామిడి కేక్ సంక్రాంతికి చూస్తా. పెద్దమ్మా, నూరు అంటే నెయ్యి ఎంత కొనాల, కిలో సరిపోతాదా?

చంద్రగిరి_పెద్దమ్మ:

ఏడు వాయిలు వేసుకో, మూడున్నర కప్పుల నెయ్యి, కిలోకి తక్కువే. కిలో కొను, మీ అత్తకి చేతికందేట్టు పెట్టొద్దు 😂