ముత్తాతకి అమ్మ ఎవరు? నోటుపుస్తకం ఒక మాట, వీలునామా ఇంకో మాట

మునిమనవడు:
మా వంశవృక్షం రాస్తూ ఒక్క గీత దగ్గర మూడు నెలలుగా ఆగిపోయాను. మీ అభిప్రాయాలు కావాలి.

మా ముత్తాత 1910లో పుట్టారు. ఇంట్లో ఎవరు పుట్టినా వాళ్ల నాన్నగారు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టేవారట. మొదట ముగ్గురు కొడుకులు, తర్వాత 1893లో కూతురు. ఆపైన పదిహేడేళ్లు ఏమీ లేదు. అప్పుడు మా ముత్తాత. తల్లిగా పేరు రాసి ఉన్నావిడకి అప్పటికి 47 ఏళ్లు. ఆ కూతురికి 17, ఇంకా పెళ్లి కాలేదు.

ఆ పేజీ చూస్తే తల్లి పేరు రాసిన చోట కాగితం పలచబడి ఉంది. కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే వెనక పేజీ అక్షరాలు అక్కడ మాత్రమే కనిపిస్తున్నాయి. ఎవరో బ్లేడుతో గీకి మళ్లీ రాశారు. మిగతా అక్షరాలన్నీ సన్నగా, పాళీ గీతలా ఉంటే ఆ ఒక్క పేరూ సిరా పాకి మొద్దుగా ఉంది.

ఆ కూతురికి తర్వాత పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. 1958లో రాసిన వీలునామాలో ఆస్తిని మూడు సమాన భాగాలు చేసింది. కూతుళ్లకి చెరొకటి, మూడోది మా ముత్తాతకి. ‘నా తమ్ముడు’ అనే రాసింది. అన్నల పిల్లలకి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

నాకైతే ఆవిడే తల్లి అనిపిస్తోంది. అలా రాసేయొచ్చా?

దస్తావేజు:
రాయకూడదు. మీ దగ్గరున్న రెండు కాగితాల్లో ఆ బంధం గురించి నేరుగా చెప్పింది ఒకే ఒక్క మాట, ‘తమ్ముడు’. ఆవిడ స్వయంగా చెప్పిన మాట అది. దాన్ని పక్కన పెట్టి, చెప్పని మాటని పట్టుకుంటున్నారు.

47 ఏళ్లకి కాన్పు అరుదేగానీ అసాధ్యం కాదు. అసలు ఆ 47 ఎక్కడి నుంచి వచ్చింది? పాత రోజుల్లో వయసులు అంచనాగా చెప్పేవాళ్లు, నాలుగైదేళ్లు తేడా రావడం మామూలే. పదిహేడేళ్ల ఖాళీలో పుట్టి పోయిన పసిపిల్లలు ఉండొచ్చు, వాళ్లని రాయకపోయి ఉండొచ్చు. పేరు తప్పు రాసి దిద్దుకున్నారేమో. చేతుల మీద పెంచిన తమ్ముడికి అక్క వాటా ఇవ్వడం కూడా వింతేమీ కాదు.

మునిమనవడు:
వయసు ఆవిడ పెద్దకొడుకు పెళ్లినాటి కాగితంలో ఉంది. అక్కడ చెప్పిన దాన్నిబట్టి లెక్క వేశాను. అది కూడా అంచనా కావచ్చు, ఒప్పుకుంటాను.

పాత కాగితం:
ముందు ఆ పేజీ దగ్గరే ఇంకాస్త ఆగండి. గీకిన చోట సిరా పాకడానికి కారణం ఉంది. కాగితం పైన సిరా ఇంకిపోకుండా ఒక పూత ఉంటుంది. బ్లేడు దాన్ని లేపేస్తుంది. అంటే గీకడం ముందు, ఇప్పుడున్న పేరు రాయడం తర్వాత. ఇంతవరకు మీరు ధైర్యంగా చెప్పొచ్చు.

గది చీకటి చేసి, టార్చిలైటుని పేజీకి పక్క నుంచి, దాదాపు బల్లకి ఆనించి వేయండి. పాళీ ఒత్తిన గాడులు ఉంటే నీడ పడి తేలతాయి. పాత నల్లసిరాల్లో చాలావాటిలో ఇనుము ఉండేది. అలాంటి సిరా గీకేసినా కాగితంలో మిగిలిన జాడ అల్ట్రావయొలెట్ దీపం కింద ముదురుగా కనిపించే అవకాశం ఉంది. రసాయనాలు మాత్రం దయచేసి పూయకండి. వెనకటికి అలా పూసి చదవబోయి నాశనం చేసుకున్న రాతప్రతులు చాలా ఉన్నాయి.

ఇంకో మాట. ఐదుగురు పిల్లల పుట్టుకలూ ఒకే సిరాతో, ఒకే చేతి ఒత్తిడితో ఉన్నాయా? అలా ఉంటే అవన్నీ ఒక్క కూర్చోవడంలో రాసినవి. అంటే ఏ పుట్టుకకి ఆ పుట్టుక అప్పటికప్పుడు రాసింది కాదు, చాలా ఏళ్లకి గుర్తు చేసుకుని రాసింది. కాగితం పాతదైనంత మాత్రాన అందులోని మాట తాజాది అయిపోదు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, నిజం దాచాల్సిన అవసరం వాళ్లకి ఉందా, ఈ మూడూ తేలాకే దాని విలువ తెలిసేది.

జన్యు పాఠం:
కాగితాలు తేల్చలేనిది డీఎన్‌ఏ తేలుస్తుందని అందరూ అనుకుంటారు. ఈ కేసులో సరైన మనుషులకి పరీక్ష చేయకపోతే అది కూడా ఏమీ చెప్పదు. కొంచెం వివరంగా రాస్తాను.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలకి వస్తుంది. ఇక్కడ అనుమానం ఉన్న ఇద్దరూ తల్లీకూతుళ్లు. ఇద్దరిదీ ఒకటే. కాబట్టి అది దండగ.

ముత్తాత పిల్లల్లో ఎవరైనా బతికుంటే వాళ్లకి, ఆ అక్క మనవలకి ఆటోసోమల్ పరీక్ష (అమ్మ వైపు, నాన్న వైపు రెండిటి నుంచీ వచ్చిన డీఎన్‌ఏ ఎంత కలుస్తుందో చూసేది) చేయిద్దామని మీకు మొదట తోస్తుంది. అదే ఉచ్చు. ఆవిడ అక్క అయితే ముత్తాత బిడ్డకీ ఆవిడ మనవడికీ సగటున 6.25 శాతం కలవాలి. ఆవిడ తల్లి అయినా, వేరే తండ్రికి పుట్టినందువల్ల ఆవిడ కూతుళ్లతో ముత్తాతది సగబంధం (తల్లి ఒకరే, తండ్రులు వేరు) అయి, కలిసేది మళ్లీ అదే 6.25 శాతం. రెండు కథలకీ ఒకటే అంకె.

తేడా కనిపించేది పెద్దన్నల వైపు. అన్న మనవడికీ ముత్తాత బిడ్డకీ పోలిస్తే, తమ్ముడైతే 6.25, మేనల్లుడైతే దాదాపు 3.1. అయితే ఇవి సగటులు. అసలు అంకెలు అటూ ఇటూ ఊగుతాయి, ఒకదాని పరిధి ఇంకోదాని మీద పడుతుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లు జరిగిన కుటుంబమైతే ఇంకా గందరగోళం. ముత్తాతకి మునిమనవడైన మీరు, అన్న మునిమనవడు చేయించుకుంటే అంకెలు ఒకటి లోపుకి పడిపోతాయి, అసలేమీ కలవకపోవడం కూడా జరుగుతుంది. అందుకే పెద్దవాళ్లు ఉండగానే చేయించాలి.

మీరు మగవారు, ముత్తాత నుంచి మీ దాకా వరసగా కొడుకులే అయితే, తండ్రి నుంచి కొడుకుకి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష అన్నిటికన్నా సూటిగా చెబుతుంది. అన్న వైపు కూడా కొడుకు కొడుకుగా వచ్చిన ఒకరు కావాలి. మీ ఇద్దరిదీ కలిస్తే ముత్తాత ఆ మగ వంశం వాడే. కలవకపోతే మీ అనుమానానికి బలం వస్తుంది.

దస్తావేజు:
బలం వస్తుంది, రుజువు కాదు. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థికలు 2012లో లెస్టర్‌లో బయటపడ్డాయి. తల్లి వైపు మైటోకాండ్రియా చక్కగా కలిసింది. మగ వరసలో వచ్చిన బంధువుల వై క్రోమోజోమ్ మాత్రం కలవలేదని 2014లో ప్రకటించారు. మధ్యలో ఎక్కడో తండ్రి వేరు. అది ఏ తరంలో జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. మీ కేసులో కూడా తేడా మీ తాతగారి దగ్గర ఉండొచ్చు, అన్నగారి కొడుకు దగ్గరా ఉండొచ్చు.

మునిమనవడు:
మా తాతగారి చెల్లెలు ఉన్నారు, ముత్తాత కూతురు. మా నాన్నకి మేనత్త. 88 ఏళ్లు. పెద్దన్న మనవడు కూడా ఉన్నారు, కొడుకు కొడుకే.

పెద్దక్క:
ఇంతసేపూ అంకెలే చదివాను. ఆ 88 ఏళ్ల ఆవిడ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. తన నాన్న ఎవరి బిడ్డో ఈ వయసులో ఆవిడకి కొత్తగా తెలియాల్సిన అవసరం ఏముంది బాబూ? పాలిచ్చి, ఒళ్లో పెట్టుకుని పెంచినావిడే తల్లి. ఆ ఇంట్లో అందరూ కలిసి ఒక పదిహేడేళ్ల పిల్ల పరువు కాపాడారు. నూరేళ్లు దాటాక మీరు వచ్చి ఆ ముడి విప్పుతారా?

పాత కాగితం:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ నాకు ఆ పిల్ల వైపు నుంచి కూడా ఆలోచించాలనిపిస్తోంది. కన్నబిడ్డ కళ్ల ముందు తిరుగుతుంటే జీవితాంతం అక్కగానే ఉండిపోయిందేమో. వీలునామా రాసేటప్పుడు కూడా ఆ మాట రాయలేకపోయింది. మూడు సమాన భాగాలు మాత్రం చేయగలిగింది. ఆవిడ చెప్పగలిగింది అంతే అయితే, దాన్ని వినిపించుకోకపోవడం ఆవిడకి అన్యాయం కాదా?

పెద్దక్క:
అన్యాయమేనేమో. అయినా బతికున్నవాళ్ల మనసు ముందు.

జన్యు పాఠం:
ఇంట్లో చెప్పుకునే మాటల్ని కూడా తేలిగ్గా తీసిపారేయకండి. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన దగ్గర బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ పిల్లలకి తండ్రి అని ఆ పిల్లల వంశం తరతరాలుగా చెబుతూ వచ్చింది. ఆమె కొడుకు మాడిసన్ 1873లో పత్రికకి చెప్పాడు కూడా. జెఫర్సన్ మనవలేమో తండ్రి ఆయన కాదు, ఆయన చెల్లెలి కొడుకులైన కార్ సోదరుల్లో ఒకడు అన్నారు. చదువుకున్నవాళ్లు, ఉత్తరాలు రాసి పెట్టినవాళ్లు కాబట్టి చరిత్రకారులు చాలాకాలం వాళ్ల మాటే పట్టుకున్నారు. 1998లో పరీక్ష చేస్తే శాలీ చిన్నకొడుకు ఈస్టన్ వంశీకుడి వై క్రోమోజోమ్ జెఫర్సన్ పెదతండ్రి వంశంతో కలిసింది. కార్ వంశంతో కలవలేదు.

అయితే ఆ పరీక్ష జెఫర్సన్ ఇంటి మగవాడు అని చెప్పిందే తప్ప ఏ జెఫర్సనో చెప్పలేదు. ఆ మిగతా భాగం నింపింది కాగితాలే. ప్రతి బిడ్డ కడుపున పడిన సమయంలో ఆయన ఇంట్లోనే ఉన్నాడని ఆయన సొంత రాతలే చూపించాయి. అయినా ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీరు కూడా ఇంట్లో మాట, కాగితం, పరీక్ష మూడూ పక్కపక్కన పెట్టుకోండి. ఏ ఒక్కదాన్నీ పట్టుకుని పరుగెత్తకండి.

దస్తావేజు:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. వంశవృక్షంలో పెంచిన తల్లికి నిండుగీత, అనుమానం ఉన్న చోట చుక్కల గీత పెట్టి, ఎందుకు పెట్టారో పక్కనే రాయండి. మీ తర్వాత చూసేవాళ్లు మీ ఊహని నిజం అనుకోకూడదు.

మునిమనవడు (పది రోజుల తర్వాత):
పక్క నుంచి లైటు వేసి చూశాను. పాత పేరు చదవలేకపోయాను. మొదటి అక్షరం కొమ్ము ఒకటి కనిపించినట్టుంది, నేను చూడాలనుకుంటున్నాను కాబట్టి కనిపిస్తోందేమో. ఐదు పుట్టుకల్లో మొదటి నాలుగూ ఒకే సిరా, ఐదోది వేరు. అంటే ఐదోది తర్వాత విడిగా రాసినదే.

అమ్మా నాన్నలతో మాట్లాడాక నాన్న మేనత్త దగ్గరికి వెళ్లాను. అనుమానం సంగతి ఎత్తలేదు. వీలునామా నకలు చూపించి, ‘ఈవిడ మీకు గుర్తుందా’ అని మాత్రం అడిగాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇలా అన్నారు: “నాన్న ఆవిడని అక్కా అని పిలవగా నేను ఒక్కసారి కూడా వినలేదురా. పిలుపు లేకుండానే మాట్లాడేవాడు. ఆవిడ పోయినప్పుడు మాత్రం పన్నెండు రోజులూ గడప దిగలేదు.”

దస్తావేజు గారూ, ఇది రుజువు కాదని నాకు తెలుసు. చుక్కల గీతే పెట్టాను.

పెద్దక్క గారూ, వచ్చేటప్పుడు ఆవిడే నన్ను ఆపి అడిగారు: “ఉమ్ము తీసి ఏదో పరీక్ష చేస్తారటగా, టీవీలో చూశాను. దానికి నేను పనికొస్తానా?” పనికొస్తారు, మీరే కావాలి అన్నాను. “అయితే త్వరగా తెప్పించు” అన్నారు.