ఫ్లాష్‌బ్యాక్ వచ్చాక దెయ్యం ఇంకా దెయ్యంగానే ఉంటుందా?

బల్లార్షా బాబాయ్ · శుక్రవారం రాత్రి 11.40

ఇప్పుడే ఒక తెలుగు హారర్ సినిమా చూసి లేచాను. పేరు చెప్పను, చెప్తే చర్చంతా దాని మీదికే పోతుంది. మొదటి గంట నిజంగా బాగుంది. వంటింట్లో కుళాయి కింద ఒక గిన్నె, అందులో చుక్క చుక్కగా నీళ్లు. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, ఊరికే పట్టుకునే మనిషి కాదు.

ఇంటర్వెల్ తర్వాత మామూలే. దెయ్యం ఎవరో తెలిసిపోయింది. పేదింటి అమ్మాయి, మోసం చేసిన దొరగారి కొడుకు, పాడుబడ్డ బావి. ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్, అందులో ఒక పాట. పాట సగంలో ఉండగా మా ఆవిడ చెయ్యి వదిలేసి పాలు తోడు పెట్టడానికి లేచింది. తిరిగి వచ్చి "చంపిందా వాణ్ని?" అని అడిగింది. భయం పోయి పంచాయితీ మొదలైందన్నమాట. ఎవరిది తప్పు, ఎంత శిక్ష, తీర్పు ఎప్పుడు.

నా మాట ఇది. మన హారర్‌ను చంపుతున్నది దెయ్యానికి చెప్పే కథ. అందరూ కామెడీని తిడతారు, నేను తిట్టను. నవ్విన మనిషిని మళ్లీ భయపెట్టొచ్చు. జాలి పడ్డవాణ్ని భయపెట్టడం మహా కష్టం. కాదనేవాళ్లు చెప్పండి.

సెకండ్ షో సీను · శుక్రవారం రాత్రి 11.58

బాబాయ్, 'అరుంధతి' మర్చిపోయారా? 2009. ఆ సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ తీసేస్తే మిగిలేదేంటి? జేజమ్మ పశుపతిని బతికుండగానే సమాధి చేయించే భాగమే అన్నిటికన్నా భయం. దానికి తోడు సోనూ సూద్‌కు రవిశంకర్ చెప్పిన డబ్బింగ్. మేం రైలెక్కి మంచిర్యాల పోయి చూసొచ్చాం. ఆ తర్వాత హాస్టల్లో కరెంటు పోతే చాలు, ఎవడో ఒకడు ఆ గొంతు పెట్టేవాడు. నెల రోజులు ఎవడూ ఒంటరిగా బాత్రూమ్‌కి పోలేదు.

బల్లార్షా బాబాయ్ · శనివారం ఉదయం 6.15

అరుంధతిలో నీకు జాలి ఎవరి మీద? జేజమ్మ మీద. భయం ఎవరంటే? పశుపతి అంటే. రెండూ ఇద్దరికి పంచారు కాబట్టి సినిమా నిలబడింది. ఒకే మనిషిని చూసి ముందు వణకమని, తర్వాత ఏడవమని అంటేనే నాకు పేచీ. నువ్వు చెప్పింది నా పక్షానికే సాక్ష్యం.

సెకండ్ షో సీను · శనివారం ఉదయం 6.40

ఔటయ్యాక గీత జరపడం అంటారు దీన్ని.

కిన్వట్ కోడలు · శనివారం మధ్యాహ్నం 2.05

ముందుగా ఒక మాట బాబాయ్. పిన్ని పాలు తోడు పెట్టడానికి లేచింది భయం పోయి కాకపోవచ్చు. పడుకునే ముందు తోడు పెట్టకపోతే పొద్దున పెరుగు ఉండదు. ఆ సంగతి మీకు ఇరవై ఆరేళ్లలో తెలిసి ఉండాల్సింది.

ఇక అసలు విషయం. మన సినిమాల్లో దెయ్యాలు ఎక్కువగా ఆడవాళ్లే ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? బతికి ఉండగా ఆ మనిషి మాట ఎవరూ వినలేదు. చచ్చాక తెల్లచీర కట్టుకుని వస్తే కానీ కూర్చుని వినరు. ఆ ఇరవై నిమిషాలు కూడా మీకు ఎక్కువైపోయాయి.

మరాఠీలో 2017లో వచ్చిన 'లపాఛపీ' చూడండి. విశాల్ ఫురియా తీశాడు, ఆయనే 2021లో హిందీలో 'ఛోరీ'గా మళ్లీ తీశాడు. చెరకు తోట మధ్యలో ఒక ఇల్లు, అందులో తలదాచుకోవడానికి వచ్చిన కడుపుతో ఉన్న అమ్మాయి. ఆ తోటలో పిల్లలు కనిపిస్తుంటారు. వాళ్లు ఎవరో, ఆ ఊళ్లో ఆడపిల్లలను ఏం చేశారో తెలిసేకొద్దీ నాకు దెయ్యాల భయం పోయింది. ఆ ఇంట్లో ప్రేమగా అన్నం వడ్డించే పెద్దావిడంటే భయం పట్టుకుంది. నా రెండో కాన్పుకు ముందు చూశాను ఆ సినిమా, చూడకుండా ఉండాల్సింది. కిటికీలోంచి చెరకు కనిపించే ఇల్లు మాది.

అంటే కథ తెలిశాక భయం ఎక్కడికీ పోలేదు, ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి మారింది. మీ దర్శకుడికి ఆ మార్చడం చేతకాలేదు, అంతే.

'కాంచన' కూడా చూడండి. 2011లో వచ్చింది. అందులో శరత్ కుమార్ వేసిన ట్రాన్స్‌జెండర్ పాత్ర ఫ్లాష్‌బ్యాక్ తీసేస్తే మిగిలేది లారెన్స్ అరుపులే. ఆ అరుపులు చూడటానికి ఎవరూ రెండోసారి పోలేదు.

సెకండ్ షో సీను · శనివారం మధ్యాహ్నం 2.20

నేను పోయాను అక్కా. అరుపుల కోసమే.

ధర్మాబాద్ మిర్చి · శనివారం సాయంత్రం 5.30

ఇద్దరికీ ఒకే జవాబు: 'రింగు'. జపాన్ సినిమా, 1998. చూడనివాళ్లు ఈ ముక్క దాటేయండి, ముగింపు చెప్పేస్తున్నా.

ఒక వీడియో టేపు, చూసినవాళ్లు వారానికి చస్తారు. హీరోయిన్ వెతికి వెతికి ఆ సదాకో ఎవరో కనిపెడుతుంది. అమ్మాయిని బావిలో పడేశారు. బాబాయ్ గారి బావే అనుకోండి. బావిలో దిగి ఎముకలు బయటికి తీస్తారు. పాపం పిల్ల, శాంతించింది, అయిపోయింది అనుకుంటాం. మనవాళ్లయితే ఆ అస్థికలు పట్టుకెళ్లి బాసరలో గోదాట్లో కలిపి, ఆకాశంలోకి ఒక వెలుగు పంపి శుభం కార్డు వేసేవాళ్లు. అక్కడ సరిగ్గా ఆ తర్వాతే సదాకో టీవీలోంచి పాక్కుంటూ బయటికి వస్తుంది. కథ తెలుసుకున్నావు, జాలి పడ్డావు, కర్మకాండ కూడా చేశావు. అయినా వదల్లేదు.

కాబట్టి బాబాయ్, ఫ్లాష్‌బ్యాక్ ఉంటే ఏం నష్టం లేదు. దాన్ని మందులా వాడటంతోనే వచ్చింది చిక్కు. కథ చెప్పగానే రోగం తగ్గిపోవాలని మనకు రూలు.

హిందీ సినిమా 'తుంబాడ్' అయితే ఇంకా తెలివైన పని చేసింది. అందులో భయపెట్టే హస్తర్ ఎవరో, దేవతల చేత ఎందుకు దెబ్బ తిన్నాడో సినిమా మొదట్లోనే చెప్పేస్తారు. ఆ తర్వాత గంటన్నర వాడి దగ్గరికి పిండి బొమ్మ తీసుకుని దిగుతున్న మనిషిని చూసి వణుకుతాం. 2018లో థియేటర్లో పెద్దగా ఆడలేదు. 2024 సెప్టెంబరులో మళ్లీ వేస్తే మొదటిసారి కన్నా ఎక్కువ వసూలు చేసింది. నాందేడ్‌లో నా పక్క సీటాయన ముందే రెండుసార్లు ఫోన్లో చూశాడట, అయినా చెవులు మూసుకుని కూర్చున్నాడు.

పేరెందుకులే · శనివారం సాయంత్రం 5.52

ఫోన్లో చూసి భయం వేయలేదు అనేవాళ్లకు ఈ చర్చలో ఓటు ఉండకూడదు.

బల్లార్షా బాబాయ్ · శనివారం రాత్రి 8.10

కోడలమ్మా, పెరుగు సంగతి ఒప్పుకుంటున్నా. ఇంట్లో నీ పోస్టు చదివి వినిపించాను. తప్పు చేశాను.

మిర్చీ, రింగు మాట బాగుంది. కానీ నాది ఇంకా మొండి వాదన. మా చిన్నప్పుడు తలుపుల మీద బొగ్గుతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్లు, గుర్తుందా? రాత్రి ఆడమనిషి వచ్చి పిలుస్తుందట, రాత చదివి వెళ్లిపోతుందట, మళ్లీ రేపు వస్తుందట. ఆ స్త్రీ ఎవరు? మాకెవరికీ తెలీదు. ఊరు లేదు, పేరు లేదు, మొగుడు లేడు, బావి లేదు. అందుకే మేం దుప్పటి ముసుగు తీయలేదు. 2018లో హిందీవాళ్లు ఇలాంటి గోడరాత మీదే 'స్త్రీ' తీశారు. నవ్వుతూ భయపడుతూ బాగానే చూశాను. అందులో కూడా ఆవిడకు ఒక పెళ్లి, పెళ్లిరాత్రి హత్య పెట్టారు. పెట్టకపోతే నిర్మాతకు నిద్ర పట్టదేమో.

దేగ్లూర్ సైన్సు సారు · ఆదివారం ఉదయం 9.25

మీరంతా ఇది సినిమా సంగతే అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. నేను ఇరవై ఏళ్లుగా ఈ తాలూకాలో పాఠాలు చెప్తున్నాను. చేతబడిని మనవాళ్లు బాణామతి అంటారు, మరాఠీవాళ్లు భానామతి అంటారు, మాట ఒకటే, మూర్ఖత్వమూ ఒకటే. తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దు దానికి అడ్డు కాలేదు.

దెయ్యం పట్టిన అమ్మాయిని స్తంభానికి కట్టి వేపమండలతో కొట్టే సీను లేని హారర్ మనకు అరుదు. మహారాష్ట్రలో 2013 నాటి చట్టం ప్రకారం అది నేరం. దెయ్యం వదిలిస్తానని తాళ్లతో కట్టడం, కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం అన్నీ అందులో పేరు పెట్టి రాశారు. ఆ చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను అదే ఏడాది ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆయన పోయాకే ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో చట్టమైంది.

అందుకని నా ఓటు ఫ్లాష్‌బ్యాక్‌కే. కారణం లేని దెయ్యం బాబాయ్ గారిని దుప్పట్లో భయపెట్టి ఊరుకుంటుంది. ఊళ్లో మాత్రం ఆ కారణాన్ని ఎవరో ఒకరి మీద రుద్దుతారు. సాధారణంగా అది ఒంటరిగా ఉండే ముసలావిడ. కథలో కనీసం తప్పు చేసింది దొరగారి కొడుకని తేలుతుంది.

బల్లార్షా బాబాయ్ · ఆదివారం ఉదయం 10.02

సార్, మీతో వాదించే ధైర్యం లేదు. ఒక్క సందేహం. ఆ వేపమండల సీను ఎందుకు పెడతారు? "ఎవరు నువ్వు? ఎందుకొచ్చావు?" అని అడగడానికి. కొడితేనే కదా దెయ్యం కథ చెప్పేది? ఫ్లాష్‌బ్యాక్ మొదలయ్యేదే ఆ దెబ్బతో. కథ అక్కర్లేకపోతే కొట్టే పనీ ఉండదు.

దేగ్లూర్ సైన్సు సారు · ఆదివారం ఉదయం 10.30

ఇది నాకు తట్టలేదు. క్లాసులో అడుగుతాను.

కిన్వట్ కోడలు · ఆదివారం ఉదయం 10.41

కొట్టకుండా అడిగితే చెప్పదా బాబాయ్? ఒక్క సినిమాలో అయినా ఎవరైనా మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి అడిగారా?

సెకండ్ షో సీను · ఆదివారం ఉదయం 10.44

అక్కా, ఆ సినిమా వస్తే మొదటి టికెట్ నాది.

ప్రాణహిత ఒడ్డు · ఆదివారం రాత్రి 10.15

మాది సిరోంచ. నేను చదివింది మరాఠీలో, తెలుగు రాయడం అమ్మ నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి. సినిమాల గురించి నాకు పెద్దగా తెలీదు. మా తాత చెప్పింది చెప్తాను.

గోదారి మీద కాళేశ్వరం వైపు వంతెన లేని రోజులు. తాత అంకీసా సంతకు బండి కట్టుకుని పోయి, మిరపకాయలు అమ్మి, రాత్రి ఒంటరిగా తిరిగి వస్తున్నాడు. దారిలో ఒక ఇప్పచెట్టు. దాటాడు. కాసేపటికి మళ్లీ ఇప్పచెట్టు. ఇక్కడ ఇప్పచెట్లకు కొదవా అనుకున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు చూస్తే, మొదటిసారి దాటేటప్పుడు తాను పారేసిన బీడీ ముక్క చెట్టు కింద ఇంకా కాలుతోందట. ఎడ్లు రెండూ నిలబడిపోయాయి. ముల్లుగర్రతో పొడిచినా కదల్లేదు.

తాత బండి దిగలేదు. తలపాగా విప్పి, తిరగేసి మళ్లీ చుట్టుకుని, చక్రం మీద చెయ్యి వేసి తెల్లారేదాకా కూర్చున్నాడు. వెలుగొచ్చాక చూస్తే ఊరు కూతవేటు దూరంలో ఉంది. మా పక్కింటి మరాఠీవాళ్లు దాన్ని చకవా అంటారు. దారి తప్పిస్తుంది, అంతే. చంపదు, పగ లేదు, ఏమీ అడగదు. నిద్రమత్తులో ఎడ్లు అక్కడక్కడే తిరిగి ఉంటాయి అంటారు సార్ లాంటివాళ్లు, అయ్యుండొచ్చు. కానీ తాత ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ బీడీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. ఎనభై దాటాక కూడా.

ధర్మాబాద్ మిర్చి · ఆదివారం రాత్రి 10.31

ఇంకా కాలుతోందా. రాత్రి పూట ఇలాంటివి రాయకు తమ్మీ.

బల్లార్షా బాబాయ్ · ఆదివారం రాత్రి 10.38

ఇదే, ఇదే నేను మూడు రోజులుగా చెప్పాలని చూస్తున్నది. కథ లేదు, ఏడుపు లేదు, పాట లేదు. ఒక బీడీ ముక్క. చదువుతుంటే వెన్నులో చలి పుట్టింది. లైటు వేసుకుని కూర్చున్నాను.

తమ్మీ, ఒక్కటి చెప్పు. ఆ ఇప్పచెట్టు దగ్గర అంతకుముందు ఏమైనా జరిగిందా? ఎవరైనా చచ్చిపోయారా అక్కడ?

కిన్వట్ కోడలు · ఆదివారం రాత్రి 10.40

బాబాయ్!!

సెకండ్ షో సీను · ఆదివారం రాత్రి 10.41

ఫ్లాష్‌బ్యాక్ అడిగాడు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

ప్రాణహిత ఒడ్డు · ఆదివారం రాత్రి 10.55

ఉంది బాబాయ్ ఒక సంగతి. అమ్మమ్మకు తెలుసు, తాతకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ సిగ్నల్ పోతోంది, రేపు రాస్తాను.

బల్లార్షా బాబాయ్ · మంగళవారం రాత్రి 11.20

తమ్మీ, రెండు రోజులైంది. మా ఆవిడ కూడా అడుగుతోంది.