సమస్యాపూరణం: కొండ దిగువాఁడె శిఖరమ్ముఁ గోరి చేరె

నిర్వాహకుడు:
ఇచ్చిన చివరి పాదానికి పొసిగేలా పై మూడు పాదాలు అల్లడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులో ఒక పాదం. దిగేవాడు శిఖరానికి ఎలా చేరాడో మీరే చెప్పాలి. రంగం ఎగువ అహోబిలం. భవనాశిని వాగు వెంట నడిచి, జ్వాలా నరసింహుణ్ణి దర్శించుకున్నాక ఉగ్రస్తంభానికి ఎక్కే అడవిబాట. హిరణ్యకశిపుడి సభలో చీలిన కంబం ఇదేనని భక్తుల నమ్మకం. కంటికి కనిపించేది నిలువునా చీలినట్టున్న బండ. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఈ బాటకు మాత్రం వేళ్ళూ రాళ్ళే మెట్లు. సింగవేళ్ కుండ్రం (అహోబిలానికి తమిళ పేరు) దేవతలకు తప్ప చేరరానిదని వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఊరికే అన్నాడా!

నంద్యాల నుంచి వచ్చిన పూరణ:

ఉగ్రకంబపుఁ దెరువున నొకఁడు చెంచు
వెనుకఁ జిక్కిన ముదుసలిన్ వెదకి వచ్చి
భుజముపై నిడి బండలఁ బోయి పోయి
కొండ దిగువాఁడె శిఖరమ్ముఁ గోరి చేరె.

నిర్వాహకుడు:
భేష్! విరోధం దానంతటదే విడిపోయింది. దిగింది ముసలమ్మ కోసం, చేరింది ఆమెతో. ఆ బాటలో సగంలో కూలబడ్డవాళ్ళను చూసినవారికి ఈ పద్యం ఇంకా బాగా తెలుస్తుంది. ఒక్కటే పంటికింద రాయి: 'ఉగ్ర' సంస్కృతం, 'కంబం' తెలుగు. రెండూ కలిపితే దుష్టసమాసం. మొదటి పాదాన్ని ఇలా మారిస్తే?

చీలుకంబపుఁ దెరువునఁ జెంచుబిడ్డ

నంద్యాల:
మార్చుకున్నాను గురువుగారూ. బండ చీలిక కూడా మాటలో కనబడుతోంది.

సికింద్రాబాదు నుంచి:

పగలు చెట్లను దూఱక ప్రక్కఁ దొలఁగి
సంజ చీరను జుట్టుక జాఱు నినుఁడు
కొసకు నెగఁబ్రాకి కెంపులు గ్రుమ్మరించి
కొండ దిగువాఁడె శిఖరమ్ముఁ గోరి చేరె.

కడప నుంచి ఒక సోదరి:
అన్నగారూ, ఊహ చాలా బాగుంది. లోయ చీకటి పడ్డాక కూడా కొనమీద ఎండ నిలవడం నల్లమలలో పెరిగినవాళ్ళకు తెలిసిన దృశ్యమే. అయితే మూడో పాదంలో కొసకు ఎగబాకిన సూర్యుడు నాలుగో పాదంలో మళ్ళీ శిఖరం చేరడం పునరుక్తి కాదా?

నిర్వాహకుడు:
అవును, పునరుక్తే. అయినా రెండో పాదం కోసం నేను క్షమించేశాను. ఆ దృశ్యం చూడాలని ఎవరూ సాయంత్రం దాకా పైన కూర్చోవద్దు. అది చిరుతలూ ఎలుగులూ తిరిగే అడవి, వెలుతురుండగానే దిగిపోవాలి.

ఇక బెంగళూరు నుంచి చిలిపి పూరణ:

సెల్లుఫోనును మీఁదనే చేర్చి మఱచి
సగము దిగినంత గుండెలు జల్లుమనఁగ
తిట్టుకొనుచును వెనుకకుఁ దిరిగి నడచి
కొండ దిగువాఁడె శిఖరమ్ముఁ గోరి చేరె.

నిర్వాహకుడు:
నవ్వాపుకోలేకపోయాను. గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) సరిపోయాయి. కానీ నాయనా, తిట్టుకుంటూ పోయేవాడు 'కోరి' ఎలా చేరతాడు? సమస్యలో ఆ మాట పాదం నింపడానికి వేసింది కాదు. దాన్ని మోయకపోతే పూరణ సగమే.

కడప సోదరి:
ఆ 'కోరి' మీదనే నా ప్రయత్నం, చూడండి.

ఎందు వెదకినఁ గానని యిందిరేశుఁ
డెలమి వైకుంఠ మను కొండ నెడసి వచ్చి
చెంచుకూఁతురి చూపులఁ జిక్కి కాదె
కొండ దిగువాఁడె శిఖరమ్ముఁ గోరి చేరె!

నిర్వాహకుడు:
అమ్మా, 'కోరి'కి ఇంతకంటే న్యాయం జరగదు. నరసింహుణ్ణి చెంచులు ఇప్పటికీ అల్లుడిగానే చూసుకుంటారు. కనుమనాడు మొదలయ్యే పార్వేట ఉత్సవంలో ఆయన పల్లెపల్లెకూ తిరుగుతాడు. 'ఇందిరేశుఁ / డెలమి' అని పాదం విరిచినా యతి తప్పలేదు. అయితే పద్యంలో కథ ఉంది గానీ కాలిబాట లేదు. చెమట లేదు, జారే రాయి లేదు. అందుకే నా ఓటు నంద్యాల పద్యానికే. ఇది నా పక్షపాతమేనని ఒప్పుకుంటాను.

సికింద్రాబాదు:
నా ఓటు సోదరికి. చెమట లేకపోతేనేం, వలపుంది!

నిర్వాహకుడు:
కొత్తగా చేరిన విద్యార్థి ఒకరు 'రాళ్ళ దారిని పోవుచు నలసిపోయి' అని మొదలుపెట్టి ఆగిపోయారు. గణాలు సరే, 'రా'కు 'న'తో యతి కుదరదు. పైగా 'దారిని' ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట; దాని తరువాతి 'ప' 'బ'గా మారుతుంది కనుక 'బోవుచు' కావాలి. 'రాళ్ళ దారినిఁ బోవుచు రాచుకొనుచు' అంటే రెండూ తీరతాయి, మోకాళ్ళు గీరుకుపోవడమూ కనిపిస్తుంది. మిగతా పాదాలు మీరే పూర్తిచేసి పంపండి.

బెంగళూరు:
గురువుగారూ, మూడో పాదం మార్చాను: 'తీసినట్టి ఫొటోలకై తిరిగి నడచి'. ఇప్పుడు కోరే వెళ్ళాడు కదా?

నిర్వాహకుడు:
వెళ్ళాడు, ఫోనూ దొరికిందనుకుందాం. వచ్చే వారానికి ఆటవెలది పాదం ఇస్తున్నాను: 'వాన కురిసి యడవి వాడిపోయె'.