మానిటరింగ్ లేని అలారంకి దొంగలు భయపడతారా?

ఇంటికి అలారం పెట్టిద్దామని చూస్తున్నానండి, కానీ నెలనెలా డబ్బు కట్టే మానిటరింగ్ (అంటే అలారం మోగితే కంపెనీ వాళ్ళు చూసుకుని స్పందించే సర్వీసు) తీసుకోబుద్ధి కావట్లేదు. తలుపులకి కిటికీలకి మాగ్నెట్ సెన్సార్లు, హాల్లో ఒక మోషన్ సెన్సార్, బయట గోడకి చెయ్యి అందనంత ఎత్తులో సైరన్, మోగితే నా ఫోన్‌కి నోటిఫికేషన్, అంతే. దీనికి దొంగ నిజంగా పారిపోతాడా లేక ఎవరూ రారులే అని తాపీగా బీరువా ఖాళీ చేస్తాడా?

అమెరికాలో 2012లో నార్త్ కరోలినా యూనివర్సిటీ షార్లెట్ వాళ్ళు శిక్షపడ్డ దొంగల్ని 422 మందిని అడిగితే దాదాపు 60 శాతం మంది అలారం ఉంటే వేరే ఇల్లు చూసుకుంటాం అన్నారంట, బానే ఉంది, కానీ దానికి మానిటరింగ్ ఉందో లేదో బయట్నుంచి వాళ్ళకి ఎలా తెలుస్తుంది? అలా అయితే స్టిక్కర్ ఒక్కటి అంటించినా సరిపోవాలిగా!

నా అసలు డౌట్ పక్కింటోళ్ళ గురించి. కార్ అలారం మోగితే ఎవరైనా తల తిప్పి చూస్తున్నారా అసలు? పిల్లి తిరిగి ఒకట్రెండు సార్లు ఉత్తినే మోగిందంటే ఆ తర్వాత కిటికీ కూడా తెరవరు. ఇంకోటి, కరెంట్ పోయి రౌటర్ ఆగిపోతే నోటిఫికేషన్ కూడా రాదు, సిమ్ బ్యాకప్, బ్యాటరీ ఉన్న ప్యానెల్ (సెన్సార్లన్నీ కలిసే మెయిన్ బాక్స్) తీసుకోవాలా?

ఇలాంటిది వాడుతున్నోళ్ళు, ముఖ్యంగా దొంగ వచ్చినప్పుడు నిజంగా మోగినోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. లేదా ఆ డబ్బులేవో గట్టి తాళాలకి, గ్రిల్స్‌కి పెట్టుకోవడమే మేలంటారా?