కిబాలో కొత్తగా దిగాం: మికోషి, బోన్ ఒదోరి గురించి సలహా కావాలి

ప్రశ్న, కిబా నుంచి

అందరికీ నమస్కారం. ఈ వేసవిలోనే టోక్యో వచ్చాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప. మొన్న పక్కింటి పెద్దావిడ అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు చేతిలో పెట్టి, చూసి సంతకం చేసి అవతలి ఇంటికి ఇవ్వమని సైగ చేసింది. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూస్తే ఆగస్టు మధ్యలో గుడి పండగట. మికోషి, అంటే ఇక్కడి దేవుడి పల్లకి, మోయడానికి మనుషులు కావాలి, పిల్లల మికోషికి పేర్లు ఇవ్వండి, పార్కులో రెండు సాయంత్రాలు బోన్ ఒదోరి అనే గుంపుగా ఆడే నాట్యం ఉంది అని రాశారు.

నాకు మోయాలని ఉంది. మా ఊళ్ళో స్వామివారి పల్లకి మోసిన భుజమే ఇది. కానీ ఒక చిక్కు ఉంది. మా మామగారు జూన్ ఆఖర్లో కాలం చేశారు. మా ఆవిడ వెళ్ళి, పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక తిరిగొచ్చింది. ఏడాది తిరిగేదాకా గుడి, పండగ వద్దని ఇంటి దగ్గర పెద్దవాళ్ళు అంటున్నారు. పాప మాత్రం ఆ కాగితం మీది బొమ్మ చూసినప్పటి నుంచి ఒకటే గొడవ. ఇక్కడివాళ్ళు ఇలాంటివి పట్టించుకుంటారా? అసలు మేం వెళ్తే ఏమైనా అనుకుంటారా? తిండి సంగతి కూడా చెప్పండి, మేం శాకాహారులం.

ఓజిమా నుంచి

తమ్ముడూ, మీరు మంచి చోట దిగారు. కిబా అంటే తొమియోకా హచిమాన్ గుడి పరిధి. ఆ గుడి 1627 నాటిది. ఫుకగావా పండగ అంటే ఇదే. కాందా, సాన్నో, ఫుకగావా, ఈ మూడూ ఎదో (టోక్యో పాత పేరు) కాలం నుంచి పెద్ద పండగలు. మొదటి రెండూ ఎండలు ముదరకముందే అయిపోతాయి, మనది మాత్రం నడి ఆగస్టులో పడుతుంది. మూడేళ్లకోసారి పెద్ద పండగ. 2020లో జరగాల్సింది కరోనా వల్ల ఆగి 2023లో జరిగింది, ఆ లెక్కన తర్వాతిది 2026. ఆ ఏడాది 50కి పైగా పేటల మికోషిలు పొద్దున్నే వరసగా బయల్దేరి రోజంతా తిరుగుతాయి. దారి పొడవునా జనం బకెట్లతో, ఫైర్ వాళ్ళు గొట్టాలతో నీళ్ళు కొడుతూనే ఉంటారు. ఫోన్‌ని జిప్ కవర్లో పెట్టుకోండి. రెసిడెన్స్ కార్డు మాత్రం ఇంట్లో వదలొద్దు, అది ఎప్పుడూ మన దగ్గర ఉండాల్సిందే. దాన్ని కూడా ఆ కవర్లోనే పెట్టుకోండి.

ఇక మోయడం. అక్కడికి పోయి సందు దొరికిన చోట భుజం పెట్టేస్తానంటే కుదరదు. ప్రతి పేటకీ తన రంగు, తన గుర్తు ఉన్న హంతెన్ అనే పొట్టి కోటు ఉంటుంది. అది ఒంటి మీద లేనివాడు కర్ర ముట్టకూడదు. చోనాయికాయ్, అంటే మీ పేట సంఘం, వాళ్ళకి పేరు ఇస్తే వాళ్ళే అరువిస్తారు, అయ్యాక తిరిగిచ్చేయాలి. పాప పేరు కూడా అక్కడే. పిల్లల మికోషి చిన్నది, కొద్ది దూరమే తిప్పుతారు, చివర్లో జ్యూసు, చిరుతిళ్ళ సంచి చేతిలో పెడతారు. సగం మంది పిల్లలు దానికోసమే వస్తారు.

కర్ర కింద మీ ఎత్తువాళ్ళ మధ్యే నిలబడండి. పొడుగ్గా ఉంటే బరువంతా మీ ఒక్కరి మీదే పడుతుంది, మోకాళ్ళు వంచి నడవాల్సి వస్తుంది. పొట్టిగా ఉంటే కర్ర భుజానికి తగలనే తగలదు, ఊరికే పక్కన నడుస్తున్నట్టు ఉంటుంది. తువ్వాలు మడిచి భుజం మీద హంతెన్ కింద పెట్టుకోండి. అడుగులు చిన్నవిగా, ముందువాడి మడమ తొక్కకుండా వేయాలి. మికోషి పైకీ కిందికీ ఊగుతుంటే మీరూ దానితో పాటే ఊగాలి. బిగుసుకుపోయి నిలబడితే కర్ర వచ్చి ఎముక మీద కొడుతుంది. కాసేపు మోసి, వెనక నడిచే వాళ్ళకి చోటిచ్చి బయటికి రండి. మొహమాటపడి లోపలే ఉండిపోతే మర్నాడు చొక్కా కూడా వేసుకోలేరు.

అరుపు ఇక్కడ "వష్షోయ్". వేరే చోట్ల "సోయా", "సేయా" అంటారు, ఫుకగావాలో అవి నడవవు.

నిషికసాయ్ నుంచి

ముందు మైల సంగతి చెప్తాను, అసలు ప్రశ్న అదే కదండి.

ఇక్కడివాళ్ళు పట్టించుకుంటారు, మనకంటే తక్కువేం కాదు. తల్లిదండ్రుల్లాంటి దగ్గరివాళ్ళు పోతే 50 రోజుల వరకు గుడి తోరణం దాటరు, మికోషి ముట్టరు. మీ ఆవిడకి నడి ఆగస్టు నాటికి ఆ 50 రోజులు పూర్తి కావు. అందుకని తను గుడి లోపలికి వెళ్ళకపోవడమే మంచిది. రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఎవరూ ఏమీ అనరు. అల్లుడు మోయొచ్చా, పాప మోయొచ్చా అన్నది మాత్రం మీ పేట పెద్దనే అడగండి. దాచి వెళ్ళొద్దు. "జూన్‌లో మా మామగారు పోయారు, మేం రావొచ్చా?" అని అడిగితే చాలు. ఒక చోట పర్వాలేదంటారు, ఇంకో చోట ఈసారికి నీళ్ళ దగ్గర సాయం చేయమంటారు. ఏది చెప్పినా, అడిగినందుకు మీ మీద గౌరవం పెరుగుతుంది.

బోన్ ఒదోరి సంగతి పూర్తిగా వేరు. మికోషి దేవుడిది, బోన్ పితృదేవతలది. పోయినవాళ్ళు ఇంటికి వస్తారని నమ్మే రోజులవి. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు, చనిపోయిన తల్లి ప్రేతలోకంలో ఆకలితో అలమటించడం చూసి, సన్యాసులకి భోజనం పెట్టి ఆమెని విడిపించాడనే కథ నుంచి వచ్చింది ఈ ఆచారం. మనిషి పోయి 49 రోజులు దాటాక వచ్చే మొదటి బోన్‌ని ప్రత్యేకంగా చేస్తారు. చాలా ప్రాంతాల్లో ఆ ఇంటి ముందు తెల్ల లాంతరు కడతారు. అంటే చావు జరిగిన ఇంటివాళ్ళని ఈ ఆటకి దూరం పెట్టరు, వాళ్ళకోసమే పెట్టిన ఆట ఇది. ఇంటి దగ్గర పెద్దవాళ్ళకి పండగ అని చెప్తే వద్దంటారు. పెద్దలకి పెట్టే రోజులని చెప్పండి, అర్థం చేసుకుంటారు.

తారీఖుల దగ్గర తికమక పడకండి. 1873లో క్యాలెండర్ మార్చాక టోక్యోలో చాలా ఇళ్ళు బోన్‌ని జూలై 13 నుంచి 16 వరకు చేసుకుంటాయి, మిగతా దేశంలో చాలా చోట్ల ఆగస్టు 13 నుంచి 16 వరకు. పార్కుల్లో ఆటలు మాత్రం జూలై మొదలుకొని ఆగస్టు చివరిదాకా ఏదో ఒక పేటలో జరుగుతూనే ఉంటాయి. మీ పార్కుది అయిపోయినా పక్క పేటది ఉంటుంది.

కవాసాకి నుంచి

పై అక్క చెప్పిందానికి ఒక్క మాట కలుపుతాను. నేను నల్గొండ పిల్లని. బతుకమ్మ ఆడినవాళ్ళకి బోన్ ఒదోరి కొత్తగా అనిపించదు. మధ్యలో పూల బదులు యాగురా అనే మంచె, దాని మీద డోలు. చుట్టూ జనం గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ ఆడతారు. మన ఎంగిలిపూల బతుకమ్మ కూడా పెత్రమాస నాడే కదా మొదలయ్యేది! మీ ఆవిడకి ఇష్టమైతే మొహమాటం లేకుండా దిగమనండి. లోపలి వరసలో, మంచె దగ్గర, బాగా వచ్చిన ముసలమ్మలు ఉంటారు. వాళ్ళ వెనక వరసలో నిలబడి చేతులు చూసి ఆడితే మూడో చుట్టుకి వచ్చేస్తుంది.

యుకాతా అనే పలచటి వేసవి కిమోనో కట్టుకుంటే ఎడమ అంచు పైకి రావాలి, ఆడైనా మగైనా అంతే. కుడి అంచు పైన వచ్చేలా కట్టేది శవానికి. అలా కట్టుకున్నది చూస్తే దారిన పోయే పెద్దావిడ కూడా పక్కకి తీసుకెళ్ళి సరిచేస్తుంది. యుకాతా లేకపోతే ఏం పోలేదు, సల్వార్ కమీజ్‌లో ఆడినా ఎవరూ ఏమీ అనరు. గెతా అనే చెక్క చెప్పులు మాత్రం కొత్తవి ఆ రోజే వేయొద్దు, బొటనవేలి సందు ఒరుసుకుపోతుంది.

గోదావరిఖని, ప్రస్తుతం యొకొహామా

ఆ ఆటల్లో తాంకో బుషి అని ఒకటి దాదాపు అన్ని చోట్లా వేస్తారు. ఫుకువోకా బొగ్గు గనుల పాట అది. మా నాన్న సింగరేణిలో చేశారు కాబట్టి నాకు మొదటిసారి చూసినప్పుడే కాళ్ళు ఆగలేదు. పార ఎత్తి తవ్వినట్టు ఒక పక్క రెండుసార్లు, రెండో పక్క రెండుసార్లు. తర్వాత తట్ట భుజం మీదుగా వెనక్కి విసిరినట్టు. ఆ తర్వాత చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి చంద్రుణ్ణి చూసినట్టు వెనక్కి అడుగులు. ఆపైన బొగ్గు బండిని రెండుసార్లు ముందుకు తోసి, చేతులు చాపి చప్పట్లు. అంతే, మళ్ళీ మొదటికి. పాపకి ఇంట్లోనే నేర్పండి, అక్కడికి వెళ్ళాక అదే మీకు నేర్పిస్తుంది.

ఆడుతూ ఆడుతూ మధ్యలో ఆగి ఫోటోలు తీయకండి, వెనకవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు. తీయాలంటే వరస బయటికి రండి.

ఓజిమా నుంచి, మళ్ళీ

పోలీసులు జనాన్ని ఆపితే విసుక్కోకండి. 1807లో ఇదే పండగకి జనం ఎగబడి, సుమిదా నది మీది ఎయితాయ్ వంతెన కూలి వందల మంది పోయారు. ముందు ఏం జరిగిందో తెలియక వెనకవాళ్ళు తోస్తూనే ఉన్నారట. ఇప్పుడు మికోషిలు దాటేది ఆ పేరుతోనే ఉన్న ఇనప వంతెన.

ఇంకోటి, మికోషిని పై నుంచి చూడటం తప్పుగా భావిస్తారు. మీ బాల్కనీ కింద నుంచి వెళ్తుంటే దిగి వచ్చి చూడండి. కింద పెట్టినప్పుడు మోసే కర్రల మీద నుంచి దాటొద్దు, చుట్టూ తిరిగి వెళ్ళండి. పాపకి ముందే చెప్పి ఉంచండి.

కసాయ్ నుంచి

నేను కొంచెం కటువుగా చెప్తాను, ఏమనుకోకండి. ఫోటో కోసం మోద్దామనుకునేవాళ్ళు దయచేసి వెళ్ళొద్దు. సెలవు రోజున పొద్దున్నే లేచి, 35 డిగ్రీల ఎండలో, తడిసిన బట్టలతో గంటల తరబడి నిలబడే పని అది. ముందు రోజు టెంట్లు వేయడం, తర్వాత రోజు చెత్త ఏరడం కూడా అందులో భాగమే. వాటికి వెళ్తే వచ్చే ఏడాది మీరు అడగకముందే హంతెన్ పక్కన పెట్టి ఉంచుతారు. వాటికి వెళ్ళకుండా మోయడానికి మాత్రమే వస్తే మర్యాదకి నవ్వుతారు, అంతే.

ఎండ సంగతి సీరియస్‌గా తీసుకోండి. నీళ్ళతో పాటు ఉప్పు బిళ్ళలు ఉంచుకోండి, మందుల షాపులో దొరుకుతాయి. కళ్ళు తిరిగినా, చెమట ఆగిపోయినా వెంటనే టెంటు కిందికి వెళ్ళి చెప్పండి. పిల్లలకి మాట తడబడితే ఆలోచించకుండా 119కి, అంటే అంబులెన్స్‌కి, ఫోన్ చేయండి. మధ్యలో బీరు, సాకే ఇస్తారు. వద్దంటే బార్లీ టీ ఇస్తారు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

నిషికసాయ్ నుంచి, తిండి గురించి

బండ్ల దగ్గర శాకాహారం తక్కువే. యాకిసోబా అనే వేపుడు నూడుల్స్‌లో పంది మాంసం ఉంటుంది, పైన చేపల పొట్టు చల్లుతారు. తకోయాకి అంటే ఆక్టోపస్, ఇక చెప్పక్కర్లేదు. చూడ్డానికి మామూలు దోసకాయ ముక్కలా కర్రకి గుచ్చి అమ్ముతారు, అది నానబెట్టిన రసంలో చేప ఉండొచ్చు. మీరు ధైర్యంగా తినగలిగేవి బటర్ వేసిన బంగాళాదుంప, ఎదామామె అనే పచ్చి సోయా కాయలు, చక్కెర పాకం పట్టిన ఆపిల్, పీచుమిఠాయి, సిరప్ పోసిన ఐసు తురుము. మొక్కజొన్న కంకికి పూసే సోయా సాస్ మాత్రం అడిగి చూసుకోండి. ఇంటి దగ్గర పులిహోర తిని బయల్దేరితే గొడవ లేదు. చిల్లర పెట్టుకోండి, చాలా బండ్లకి నోట్లు, నాణేలే. పాప చేపపిల్లల ఆట దగ్గర ఆగుతుంది, కాగితం గరిటెతో పట్టడం. గెలిస్తే చేపని సంచిలో వేసి ఇచ్చేస్తారు. ఇంట్లో గాజు తొట్టి లేకపోతే అటువైపు తీసుకెళ్ళకండి!

ఒక మంచి బోన్ ఒదోరి చూడాలంటే త్సుకిజి హొంగాన్‌జికి వెళ్ళండి, మామూలుగా జూలై చివర, ఆగస్టు మొదట్లో ఉంటుంది. కిబా నుంచి కయబాచో వెళ్ళి హిబియా లైన్ మారితే త్సుకిజి. చేపల టోకు మార్కెట్ 2018 దాకా ఉన్న పేట కాబట్టి తిండికి పేరు పడ్డది, మనకి ఉపయోగం లేదనుకోండి. కానీ ఆ గుడిని చూడాలి. 1923 భూకంపంలో పాతది పోయాక ఇతో చూతా అనే ఆర్కిటెక్ట్ కట్టారు, 1934లో పూర్తయింది. ఆయన అంతకుముందు మన దేశమంతా తిరిగి చూసి వెళ్ళినవాడు. గుండ్రటి కప్పు, రాతి మెట్లు చూస్తే అజంతా గుహల వైపు వెళ్తున్నామా అనిపిస్తుంది. అక్కడ మైల పట్టింపు లేదు, అది బౌద్ధ ఆలయం. మీ ఆవిడని ముందు అక్కడికే తీసుకెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు, కిబా

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం సంఘం పెద్దాయన్ని కలిశాం. పక్కింటి పెద్దావిడే తీసుకెళ్ళింది. విషయం చెప్పగానే ఆయన లేచి నిలబడి తల వంచారు. పాప పిల్లల మికోషి లాగొచ్చట. నన్ను ఈసారికి నీళ్ళ టెంటులో ఉండమన్నారు. మా ఆవిడకి మాత్రం పార్కులో బోన్ ఒదోరికి తప్పకుండా రమ్మని రెండుసార్లు చెప్పారు, ప్రాక్టీసు ఏ రోజో కాగితం మీద రాసిచ్చారు. చందా ఇవ్వాలా, ఎంత?

ఓజిమా నుంచి

తప్పనిసరి కాదు తమ్ముడూ, మీకు తోచినంత. కానీ కవరు జాగ్రత్త. వంద యెన్ల షాపులో రెండు రకాలూ పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఎరుపు తెలుపు దారం ముడి ఉన్నది పండక్కి, నలుపు తెలుపుది చావు ఇంటికి. పేరు కతకానా అనే జపనీస్ లిపిలో రాయండి, కవర్ల మీది పేర్లూ మొత్తాలూ పెద్ద కాగితాల మీద రాసి టెంటు దగ్గర అందరికీ కనిపించేలా అంటిస్తారు.

నీళ్ళ టెంటుకి జికతాబి, అంటే బొటనవేలు విడిగా ఉండే బట్ట బూట్లు, అక్కర్లేదు, తడిసినా జారని చెప్పులు చాలు. తర్వాతెప్పుడో మోయడానికి పిలిస్తే అప్పుడు ఆన్‌లైన్‌లో ముందే తెప్పించుకోండి. మీ పాదం 28 సెంటీమీటర్లు దాటితే షాపుల్లో దొరకడం కష్టం.