వకుళా, శిరీషా, యూథికా? పాపకు ముద్దుపేరు కూడా కుదరాలి

పాపకు మొక్క పేరు పెట్టాలి, మూడక్షరాలు దాటకూడదు, ముద్దుపేరు అందులోంచే రావాలి. వకుళ, అంటే పొగడ, మాకు ప్రాణం. పొగడపూలు వాడి ఎండినా వాసన వదలవు. ఆ గుణం పాప పేరులో ఉంటే ఎంత బాగుంటుంది! చిక్కల్లా ‘ళ’తోనే. ఇంగ్లీషులో రాస్తే అది ‘ల’ అయిపోతుంది, పిలుపూ అలాగే మారుతుంది. పైగా ‘వక్కీ’ అని పిలిస్తే వక్కే గుర్తొస్తుంది. శిరీషకు (దిరిసెన) ‘సిరి’ అతికినట్టుంది, కానీ ఆ పేరు చాలామందికి ఉంది. యూథిక (అడవిమొల్ల) అరుదే. ఒత్తు పోయి ‘యూతిక’ అవుతుందని భయం. స్పెల్లింగులో ఒక్క హెచ్ జారినా జనన ధ్రువపత్రానికీ పాస్‌పోర్టుకూ పొంతన ఉండదు.

వకుళకు రెండక్షరాల మంచి ముద్దుపేరు ఎవరికైనా తడుతుందా? లేదంటే ఒత్తులూ ‘ళ’లూ లేని అరుదైన పూలపేరు చెప్పండి. మాలతి, మాధవి ఇప్పటికే ఇంట్లో ఉన్నాయి.