ఏకగ్రీవం: అందరూ ఒప్పుకున్నారనా, ఎవరూ పోటీ చేయలేదనా?

ప్రశ్న: గ్రీవం అంటే మెడ కదా. సర్పంచ్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు అంటాం. మెడకీ ఎన్నికకీ ఏమిటి సంబంధం?

బదులు: మెడేనండీ. దశగ్రీవుడు అంటే పది మెడలవాడు, రావణుడు. సుగ్రీవుడిలో ఉన్నదీ అదే. మెడ దగ్గర్నుంచి గొంతు దాకా వస్తే, ఏకగ్రీవం అంటే అందరిదీ ఒకే గొంతు. సభ ఏకగ్రీవంగా తీర్మానించింది అన్నప్పుడు ఈ మాట చక్కగా అతుకుతుంది. ప్రతిపాదన పెట్టారు, అడిగారు, అందరూ సరేనన్నారు.

నా బాధంతా రెండో వాడుకతోనే. మధ్యాహ్నం 3 గంటలకు ఉపసంహరణ గడువు ముగుస్తుంది. బరిలో ఒక్కరే మిగులుతారు. ఎన్నికైనట్టు అధికారి ప్రకటిస్తారు. ఊళ్లో ఏ ఓటరునూ ఎవరూ ఏమీ అడగలేదు, బ్యాలెట్ పెట్టె బయటికి రాలేదు. మర్నాడు పేపర్లో మాత్రం 'ఏకగ్రీవం'! పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలకు వర్తించే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ కూడా జనం ఒప్పుకున్నారని ఎక్కడా అనదు. సీట్లెన్నో అభ్యర్థులూ అంతమందే ఉంటే వెంటనే ఎన్నికైనట్టు ప్రకటించమంటుంది, అంతే.

పక్క భాషలు ఈ రెంటినీ విడదీసుకున్నాయి. హిందీలో పోటీ లేకపోతే 'నిర్విరోధ్', అందరూ ఒప్పుకుంటే 'సర్వసమ్మతి'. కన్నడంలో 'అవిరోధ', 'సర్వానుమత'. మనం రెంటికీ ఒకే మాట వాడుతున్నాం.

1977లో నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయిన తీరు చూడండి. 37 నామినేషన్లలో 36 తిరస్కరించారు, ఆయనొక్కరే మిగిలారు. అయితే అధికార జనతా పార్టీతో పాటు కాంగ్రెస్ కూడా ఆయనకే మద్దతిచ్చింది కాబట్టి అక్కడ ఏకగ్రీవం అన్నా నాకు అభ్యంతరం లేదు. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో జరిగింది వేరు. ప్రతిపాదకుల సంతకాల వివాదంతో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ చెల్లలేదు, మిగతావాళ్లు తప్పుకున్నారు, బీజేపీ అభ్యర్థి గెలిచినట్టు ప్రకటించారు. పోలింగే లేదు కాబట్టి నోటా నొక్కాలనుకున్నవాళ్లకూ అవకాశం లేకపోయింది. దీన్నీ మనవాళ్లు ఏకగ్రీవమనే రాశారు.

వ్యాఖ్య: ఊళ్లో గొడవలు లేకుండా పెద్దమనుషులు కూర్చుని ఒకరి పేరు ఖాయం చేస్తే తప్పేముందండీ? ఖర్చూ కలిసొస్తుంది.

బదులు: అందరినీ అడిగి ఒప్పించుకున్న ఊళ్లు ఉంటాయి, కాదనను. కానీ రచ్చబండ దగ్గర ఎవరు కూర్చున్నారో కూడా చూడాలి కదండీ. ఆడవాళ్లున్నారా? దళితవాడ నుంచి ఎవరైనా వచ్చారా? 2021 పంచాయతీ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవమైన ఊరికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. అంత డబ్బు ఎదురుగా ఉన్నప్పుడు, నామినేషన్ వేస్తానన్న మనిషి ఊరి అభివృద్ధికి అడ్డుపడినవాడైపోతాడు. గుడికి ఎక్కువ ఇస్తానని వేలంలో పాడినవాడికే పదవి కట్టబెట్టిన ఊళ్ల గురించీ పేపర్లలో చదువుతూనే ఉన్నాం. వేలం పాటలో గెలిచినవాణ్ణి ఏకగ్రీవ సర్పంచ్ అంటుంటే మనసు ఒప్పడం లేదు.

హిందీవాళ్ల 'నిర్విరోధ్' తెచ్చుకుందామంటే, మనకు విరోధం అంటే శత్రుత్వం. పొసగదు. నేనైతే 'పోటీ లేని ఎన్నిక' అనే రాస్తున్నాను. హెడ్డింగులో చోటు చాలదంటే 'పోటీ లేకుండా సర్పంచ్' అనొచ్చు. మీ వైపు పల్లెల్లో దీనికి వేరే మాట ఏదైనా వాడుతుంటే రాయండి.